పెరట్లో పండని గుమ్మడికాయలు

మార్చి 3

చిట్టికి,

నువ్వు కులాసాగా ఉన్నావనుకుంటాను. మేం కూడా మొన్నటి వరకు కులాసాగానే ఉన్నాం. ఇప్పుడెలా ఉన్నామో ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తోందా అనుకుంటావు. ఫోను ఉన్నది షాపులో. షాపులో ఎప్పుడూ ఎవరో ఒకరు కర్టెన్లకి కొలతలు ఇస్తూ నిలబడి ఉంటారు, చెవులు మాత్రం ఫోను వైపే ఉంటాయి. అందుకని మీ అన్నయ్య ఉత్తరమే రాయమన్నాడు. అదీ జాగ్రత్తగా రాయమన్నాడు. పక్కనే కూర్చుని ఒక్కో వాక్యం చూస్తున్నాడు.

సంగతేమిటంటే, పెరట్లో మురుగునీటి పైపు పగిలింది. పనివాడిని పిలుద్దామంటే, సొంత ఇల్లు కొనుక్కున్నాక పైపు నేనే బాగుచేసుకుంటానని మీ అన్నయ్య గునపం పట్టాడు. పైపు దగ్గర మాకు గుమ్మడికాయలు దొరికాయి. విత్తనం నేను వేయలేదు, ఆయనా వేయలేదు. చిన్నవే, కానీ చెప్పలేనంత బరువు. కడిగితే పసుప్పచ్చగా మెరుస్తున్నాయి.

నువ్వు ఆడిటరు ఆఫీసులో పన్నుల కాగితాలు రాసేదానివి కదా, అందుకని అడుగుతున్నాను. ఈ గుమ్మడికాయలు మావేనా? అమ్మితే పన్ను కట్టాలా? పైగదిలో ఉండే వయొలిన్ టీచరమ్మకి చెప్పాలా? ఆవిడే కదా ఈ ఇల్లు మాకు అమ్మింది. బతికున్నన్నాళ్ళూ పైగదిలో ఉంటానని రాయించుకుని మరీ అమ్మింది. రేపు, ఆ గుమ్మడికాయలు నావంటే ఏం చేయాలి?

జవాబు త్వరగా రాయి. మీ అన్నయ్యకి ముద్ద దిగడం లేదు.

ఇట్లు,
మీ వదిన

*

మార్చి 9

వదినకి నమస్కారం,

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. గుమ్మడికాయల కోసం ముద్ద దిగకపోవడమేమిటి? ఆయనకి చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరో చాక్లెట్ ఇస్తే పోలీసులు వస్తారేమో అన్నట్టు తినేవాడు.

నిశ్చింతగా ఉండండి. సొంత పెరట్లో పండినవి మీవే. విత్తనం వేసినా, దానంతట అదే మొలిచినా తేడా లేదు. కూరగాయలకి పన్ను లేదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు. మురుగు పైపు పక్కన కాశాయి కాబట్టి బాగా ఎరువు తగిలి ఉంటుంది. ఆ బరువు అందుకే.

అన్నీ ఇంట్లో దాచుకోవద్దు. ఇరుగుపొరుగు వాళ్ళకి తలా ఒకటి పంచండి, మంచి పేరు వస్తుంది. టీచరమ్మకి పళ్ళు లేవుగా, మెత్తగా ఉడకబెట్టి ఇవ్వు. ముందు ఒకటి కోసి చూడు. లోపల పురుగు ఉంటే మిగతావీ పాడైనట్టే. మంచివైతే నాకు రెండు పంపు. బస్సు డ్రైవరుకి చెబితే సీటు కింద పడేసి తెస్తాడు.

ఆఫీసులో ఊపిరాడటం లేదు. సంవత్సరాంతపు లెక్కలు కదా, మా ఆడిటరుగారు అందరి మీదా విసుక్కుంటున్నారు. నిన్న సీలింగు ఫ్యాను మీద కూడా విసుక్కున్నారు.

అన్నయ్యని కడుపునిండా తినమను.

ఉంటాను,
చిట్టి

*

మార్చి 14

చిట్టికి,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేనే జవాబు రాస్తున్నాను.

పన్ను లేదన్నావు, సంతోషం. కానీ మిగతా మాటలకి నా మనసు విరిగింది. ఇరుగుపొరుగుకి తలా ఒకటి పంచమంటావా? అంత ధర్మబుద్ధి నీకు ఎప్పటి నుంచి వచ్చింది? పోనీ నువ్వంత త్యాగమూర్తివా అంటే, అదే పేజీలో నాకు రెండు పంపమని వాటా అడిగావు. అడిగితే ఇవ్వమా? ఇద్దామనే అనుకున్నాం. నువ్వే ముందు నోరు తెరిచి అడగడం మీ అన్నయ్యకి చిన్నతనంగా ఉంది. అందులోనూ, బస్సు డ్రైవరు సీటు కింద పడేసి పంపాలా? నీకు మతి ఉండే రాశావా?

నువ్వు చెప్పినట్టే ఒకటి కోయించాం. బంగారప్పని చేసే ఆయన దగ్గరికి వెళ్ళి, ఎవరిదో అన్నట్టు ముఖం పెట్టి రెండు ముక్కలు చేయించుకు వచ్చాం. లోపల కూడా అదే రంగు. పురుగంటే కల్తీ అనే కదా నీ ఉద్దేశం? కల్తీ లేదు. టీచరమ్మకి ఉడకబెట్టి ఇవ్వమన్నావు, అంటే కరిగించి ఇవ్వాలనా? ఎందుకివ్వాలో కూడా రాయి. మాకు అక్కడ అర్థం కాలేదు.

ఆ రోజు నుంచీ షాపులో మీ అన్నయ్య పని చూడాలి. నిన్న ఒకావిడ కిటికీ కర్టెన్ మోకాళ్ళ వరకు రావలసింది, నడుము దగ్గరే ఆపేశాడు. ఆవిడ కిటికీకి లాగు కుట్టారా అని అడిగి వెళ్ళింది.

నీ మీద కోపం లేదు, బాధే.

మీ వదిన

*

మార్చి 18

వదినా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. బంగారప్పని చేసే ఆయన దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాను. మళ్ళీ మొదటి ఉత్తరం తీసి చదివాను. అప్పుడు కూర్చున్నాను.

అవి గుమ్మడికాయలు కావు కదూ?

నేను నిజం గుమ్మడికాయలే అనుకున్నాను వదినా. వాటాలూ త్యాగాలూ ఏమీ లేవు, పులుసు పెట్టుకుందామని రెండు అడిగాను. అన్నయ్యని గోడ వైపు నుంచి ఇటు తిరగమను.

ఇప్పుడు నేను రాసేది జాగ్రత్తగా చదువు. నా పాత ఉత్తరంలో రాసిన ఒక్క మాట కూడా పట్టించుకోవద్దు. కోయవద్దు, కరిగించవద్దు, అమ్మవద్దు, పంచవద్దు. నేలలో దొరికిన బంగారం కూరగాయ కాదు. విలువైనది ఏది దొరికినా గడువు లోపల రెవెన్యూ ఆఫీసులో రాతపూర్వకంగా చెప్పాలి. దాచారని తేలితే ఉన్నది పోవడమే కాదు, కేసు కూడా పెడతారు.

ఎవరిదీ అన్నది మూడు విధాలు. బాగా పాతకాలపుదైతే ప్రభుత్వం తీసుకుని మ్యూజియంలో పెట్టి, మీకు పరిహారం ఇస్తుంది. అంత పాతది కాకుండా, యజమాని ఎవరో తెలియకపోతే, దొరికినవాళ్ళూ స్థలం ఉన్నవాళ్ళూ పంచుకోవాలి. ఆ ఇద్దరూ మీరే కాబట్టి మీకే. అప్పుడు దాన్ని ఈ ఏడాది ఆదాయంగా చూపించి పన్ను కట్టాలి. కష్టపడకుండా వచ్చిందైనా ఆదాయం ఆదాయమే. ఇక దాచిన మనిషి ఎవరో తెలిస్తే మాత్రం అది నిధే కాదు, పోగొట్టుకున్న వస్తువు. వాళ్ళదే.

అవి నాణేలా, నగలా? నాణేలైతే వాటి మీద సంవత్సరం ఉంటుంది, చూసి రాయి. అవి దేనిలో ఉన్నాయో కూడా రాయి. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాయి, కాయగూరల పేర్లు వద్దు.

చిట్టి

*

మార్చి 23

చిట్టికి,

మీ అన్నయ్య ఇటు తిరిగాడు. నిన్ను అన్న మాటలకి నొచ్చుకుంటున్నాడు. నిజం గుమ్మడికాయలు రెండు కొని, బస్సులో పంపాడు. అందితే రాయి.

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. అన్నీ నాణేలే. ఇత్తడి పాలక్యానులో ఉన్నాయి, మూత పైన మైనం పోసి బిగించారు. సంవత్సరాలు చూశాం. రాజులకాలం నాటివి అనుకున్నాం, కాదు. ఒకదాని మీద మీ అన్నయ్య పుట్టిన సంవత్సరమే ఉంది. అది చూసి, చూశావా, నా కోసమే దాచి ఉంచారు అన్నాడు. మరొకదాని మీద నేను పుట్టిన సంవత్సరం ఉంది. దాన్ని మాత్రం గబుక్కున తిరగేసి పెట్టాడు.

నేను మాత్రం లెక్క వేశాను. మేం పుట్టిన సంవత్సరాల్లో ఈ ఇంట్లో ఉన్నది టీచరమ్మ, ఆవిడ భర్తే. ఆయన పోయి చాలాకాలమైంది. మందుల దుకాణం నడిపేవాడట. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట.

ఆవిడదేనేమో అని రాస్తున్నాను కానీ, రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇల్లు మేం కొన్నాం కదా చిట్టీ. ఇంటితో పాటు అందులో స్థిరంగా ఉన్నవన్నీ మావేనని దస్తావేజులో ఉంది. నేలలో ఇంతకాలం కదలకుండా ఉన్నది స్థిరమైనది కాదా? బావికి గిలక ఆవిడ అలాగే వదిలేసింది, మేం వాడుకుంటున్నాం. ఇదీ అలాంటిదే కదా? ఈ మాట మీ ఆడిటరుగారితో అని చూడు. టీచరమ్మ రోజూ మెట్లు దిగి, కుట్టుమిషను పక్కన కూర్చుని, ఏం అమ్మాయీ ఈ మధ్య నా ముఖం చూడటం లేదు అంటోంది. దారం తెగిందని వంగి వెతుకుతాను. ఈ మధ్య దారం చాలాసార్లు తెగుతోంది.

ఇంకొన్నాళ్ళు ఆగుదామా?

మీ వదిన

*

మార్చి 27

వదినా,

గుమ్మడికాయలు అందాయి. కోసేముందు కాసేపు ఆలోచించాను.

గిలక సంగతి మా ఆడిటరుగారిని అడిగాను. ఎవరో అడిగినట్టు అడిగాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, గిలక బావికి బిగించి ఉంటుంది, పాలక్యాను భూమికి బిగించి ఉండదు అన్నారు. కదిలించి తీయగలిగేది స్థిరాస్తి కిందికి రాదు. పాతిపెట్టినవాడు అది వదిలేసుకున్నట్టు కూడా కాదు, దాచుకున్నట్టు. ఆయన పోతే ఆయన భార్యది.

చట్టం సంగతి అది. మిగతాది నేను చెప్పనక్కర్లేదు. దారం తెగడం ఆగాలంటే ఆవిడకి చెప్పేయాలి.

గడువు దగ్గర పడుతోంది. మీ ఇద్దరినీ నమ్మి లాభం లేదు. మీరు రెవెన్యూ ఆఫీసుకి వెళ్తే పాలక్యాను బదులు పాలపొడి అంటారు. అందుకని నాకు తెలిసిన లాయరుని పంపుతున్నాను. కళ్ళద్దాలు, చేతిలో తోలుసంచీ ఉంటాయి. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన దగ్గర ఏదీ దాచవద్దు. అడిగిందానికల్లా జవాబు చెప్పండి, అన్నీ చూపించండి.

ధైర్యంగా ఉండు.

చిట్టి

*

ఏప్రిల్ 2

చిట్టికి,

నువ్వు పంపిన మనిషి వచ్చాడు. వచ్చినవాడు నువ్వు పంపిన మనిషి కాదు. ఈ రెండు మాటల మధ్య ఏం జరిగిందో చెబుతాను విను.

మధ్యాహ్నం కళ్ళద్దాలు పెట్టుకుని, తోలుసంచీతో ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు. “తవ్వింది మీరేనా?” అన్నాడు.

మీ అన్నయ్య టేపు పక్కన పడేసి చేతులు కట్టుకున్నాడు. “నేనేనండీ. మీ దగ్గర ఏదీ దాచవద్దని మా చెల్లెలు రాసింది.”

“మీ చెల్లెలికి పైపు సంగతి ఎలా తెలుసు?”

పైపు అంటే ఆయనా మనలాగే మారుపేరు వాడుతున్నాడనుకున్నాడు మీ అన్నయ్య. నా వైపు చూసి కన్ను గీటాడు కూడా. “పైపులన్నీ లోపల భద్రంగా ఉన్నాయండీ. ఒక్కటి మాత్రం కోశాం” అన్నాడు.

“అనుమతి లేకుండా కోశారా?”

“చెల్లెలే కోయమంది. లోపల పురుగు ఉందేమో చూడమంది.”

ఆయన సంచీలోంచి కాగితం తీసి ఏదో రాసుకున్నాడు. మీ అన్నయ్య లోపలికి వెళ్ళి పాలక్యాను తెచ్చి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద బోర్లించాడు. ఆ చప్పుడు వీధి చివరి దాకా వినపడి ఉంటుంది. ఒక నాణెం దొర్లుకుంటూ వెళ్ళి ఆయన బూటుకి తగిలి ఆగింది.

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. “నేను నీళ్ళ శాఖ నుంచి పైపు కోసం వచ్చానండీ” అన్నాడు.

వెనకవీధిలో మురుగు పారుతోందని ఎవరో ఫిర్యాదు చేశారట. పాపం ఆయనే వంగి, బూటు దగ్గర నాణెం తీసి బల్ల మీద పెట్టాడు. చివరికి ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి చూసింది రెవెన్యూ ఆఫీసుకి తెలియజేయక తప్పదన్నాడు. కాగితం మీద, ఇంటివారు తమంతట తాము చూపించారు అని రాశాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు.

ఈలోగా చప్పుడు విని టీచరమ్మ మెట్లు దిగి వచ్చింది. బల్ల మీద ఉన్నదాని వైపు చూడనేలేదు. ఖాళీ పాలక్యాను తీసుకుని, తిప్పి, అడుగున ఉన్న సొట్టని వేలితో తడిమింది.

“ఇది మాది” అంది. “ఇది పోయిందనే ఒక పిల్లని పనిలోంచి తీసేశాను.”

నేను ఆవిడకి కుర్చీ జరిపాను. ఆవిడే మళ్ళీ అంది. “నువ్వే తీశావని అందరి ముందూ అన్నాను. ఏడ్చింది. ఈ వీధిలో మళ్ళీ ఎవరూ ఆ పిల్లకి పని ఇవ్వలేదు. నేను అంటున్నంతసేపూ మా ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.”

ఆవిడ మాటలన్నీ కలుపుకుంటే అప్పుడు మాకు మెల్లగా అర్థమైంది. ఆవిడ భర్త పన్నులవాళ్ళు సోదాకి వస్తారని భయపడి, దుకాణంలో మిగిలిందంతా నాణేలుగా మార్చి దాచాడు. భార్యకి కూడా చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు. ఆవిడ పిల్లలకి వయొలిన్ నేర్పుకుంటూ, అదీ చాలక ఇల్లు అమ్ముకుంది.

“దీని మీద ఇన్నాళ్ళూ బట్టలు ఆరేసుకున్నాను” అంది టీచరమ్మ. బంగారం వైపు అప్పుడు చూసింది, ఎవరో ముఖం తెలియని చుట్టాన్ని చూసినట్టు.

ముందే చెప్పి ఉంటే బాగుండేదని నాకు చాలా సిగ్గుగా ఉంది. ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మీ వదిన

*

ఏప్రిల్ 8

వదినా,

నీ ఉత్తరం నిన్న అందింది. దానికంటే ముందే నాకు పన్నుల ఆఫీసు నుంచి పిలుపు అందింది.

ఒక నాణెం ఎందుకు కోశారని అడిగితే అన్నయ్య నా ఉత్తరం తీసి ఇచ్చాడటగా. అది ఇప్పుడు ఫైల్లో ఉంది. అధికారి దాన్ని నా ముందు గట్టిగా చదివాడు. ‘ఇరుగుపొరుగుకి పంచండి’ దగ్గర ఆగి, ఇది ముఠా వ్యవహారమా అని అడిగాడు. ‘బస్సు డ్రైవరు’ దగ్గర ఆగి అతని పేరు అడిగాడు. తోడుగా వచ్చిన మా ఆడిటరుగారు గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డారు. గుమ్మడికాయ అంటే గుమ్మడికాయేనని అధికారిని నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చింది. చివరికి మీరు బస్సులో పంపిన కాయల పార్శిల్ చీటీ చూపిస్తే నవ్వాడు. ఆడిటరుగారు మాత్రం ఇంకా నవ్వలేదు.

అసలు లాయరు కూడా మీ ఇంటికి వచ్చాడట. అన్నయ్య ఈయనా నీళ్ళ శాఖ మనిషే అనుకుని గుమ్మంలోనే ఆపి, మా పైపు మీవాళ్ళు చూసి వెళ్ళారు, ఇక మీరు రానక్కర్లేదు అని పంపేశాడట. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు.

ఇక తేలిందేమిటంటే, యజమాని తెలిసింది కాబట్టి అది నిధి కాదు. టీచరమ్మదే. ఆవిడ భర్త ఎగ్గొట్టిన పన్ను, దాని మీద జరిమానా పోగా మిగిలింది ఆవిడ చేతికి వస్తుంది. మీరు గడువు లోపలే చూపించారని నీళ్ళ శాఖాయన రాసిన కాగితమే మిమ్మల్ని కాపాడింది. మీకు చట్టప్రకారం ఏమీ రాదు. ఆవిడ ఇష్టపడి ఇస్తే తీసుకోవచ్చు. ఇస్తే నాకు రాయి, దాని పన్ను సంగతి చెబుతాను.

చిట్టి

*

మే 11

చిట్టికి,

ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ చాలా తిరగవలసి వచ్చింది.

మాకు టీచరమ్మ ఇచ్చింది కోసిన నాణెం. రెండు ముక్కలూ. మీకో ముక్క, మీ ఆడపడుచుకో ముక్క అంది. నీది నా దగ్గర ఉంది. బస్సులో పంపను. పన్నెంతో రాయి. పైపు తవ్వినందుకు జరిమానా వేశారు, అది మీ అన్నయ్య మారు మాట్లాడకుండా కట్టాడు. ఇప్పుడు పనివాడిని పెట్టి బాగుచేయించాం. కర్టెన్లు మళ్ళీ నేల దాకా వస్తున్నాయి.

నేను రాయాలనుకున్నది వేరే. ఆ పనిపిల్ల ఎక్కడ ఉందో వెతకమని టీచరమ్మ పట్టుబట్టింది. అడగ్గా అడగ్గా తెలిసింది, బస్టాండు వెనక టీ కొట్టు నడుపుతోంది. పిల్ల కాదు, నాకంటే పెద్దది. జుట్టు నెరిసింది. ఇద్దరు పనివాళ్ళు ఉన్నారు.

అక్కడికి వెళ్ళాం. టీచరమ్మ పాలక్యాను ఒళ్ళో పెట్టుకుని కొట్టు ముందు బల్ల మీద కూర్చుంది. కొట్టావిడ చూసింది, గుర్తుపట్టింది. చేతిలో ఉన్న టీ పోసి, చిల్లర ఇచ్చి, అప్పుడు వచ్చింది.

“దొరికింది” అంది టీచరమ్మ. “మా ఆయనే దాచాడు. నువ్వు తీయలేదు.”

“నేను తీయలేదని నాకు ఎప్పుడో తెలుసమ్మా” అంది ఆవిడ.

టీచరమ్మ బంగారం సంగతి చెప్పింది. నీకు ఇంత ఇస్తాను, కాదనకు అంది. ఆవిడ కాదనలేదు. “ఇవ్వండి, తీసుకుంటాను. నా కూతురు సొంతంగా కొట్టు పెడతానంటోంది. కానీ అది తర్వాత. ముందు మీ వీధికి వస్తాను. మీరు నాతో నడవాలి. ఆ రోజు ఎవరెవరి ముందు అన్నారో, వాళ్ళందరికీ ఇప్పుడు చెప్పాలి” అంది.

ఆదివారం పొద్దున వచ్చింది. మంచి చీర కట్టుకుని వచ్చింది. టీచరమ్మకి మోకాళ్ళ నొప్పులు, అయినా పాలక్యాను తనే పట్టుకుంది, మీ అన్నయ్య చెయ్యి చాపినా ఇవ్వలేదు. ఇంటింటి ముందూ ఆగారు. తలుపు తీసినవాళ్ళకి టీచరమ్మ మొత్తం చెప్పేది, కొట్టావిడ పక్కన నిలబడి వినేది. కొందరు పెద్దవాళ్ళకి గుర్తుంది, తల దించుకున్నారు. ఒకాయనకి చెవుడు, ఆయనకి రెండుసార్లు అరిచి చెప్పవలసి వచ్చింది. ఆ రెండోసారికి వీధంతా వింది. చివరి ఇంట్లో ఉన్నవాళ్ళు కొత్తగా వచ్చారు, వాళ్ళకి ఏ సంగతీ తెలియదు. వదిలేద్దామన్నాను. టీచరమ్మ వినలేదు. వాళ్ళకీ మొదటి నుంచీ చెప్పింది. వాళ్ళు అయోమయంగా విని, ఇద్దరికీ కుర్చీలు వేశారు.

బయటికి వచ్చేసరికి ఎండ ఎక్కింది. టీచరమ్మ పాలక్యాను ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకుంటోంది. అప్పటిదాకా పక్కన నిలబడి విన్న టీ కొట్టావిడ, “ఇటివ్వండమ్మా, చాలాసేపు మోశారు” అని పాలక్యాను చేతిలోకి తీసుకుంది.

మీ వదిన